అభ్యంతరం గారి కరెంటు పెట్టె

మా ఆఫీసరు గారిది ఒకే ఒక్క జబ్బు. ఎవరికైనా అభ్యంతరం ఉందేమో కనుక్కోకుండా ఆయన ఏ పనీ చెయ్యలేరు. కుర్చీ జరపాలన్నా, కిటికీ తియ్యాలన్నా, చివరికి తుమ్మాలన్నా చుట్టూ ఓసారి చూసి, గొంతు సవరించుకుని, "మీకేమైనా అభ్యంతరమా?" అని అడగాల్సిందే. ముక్కు అదురుతుండగా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నా జవాబు కోసం ఆగిన మనిషిని నేను కళ్ళారా చూశాను. "లేదు సార్, కానివ్వండి" అన్నాను. అప్పటికే తుమ్ము వెళ్ళిపోయింది. ఆయన చిన్నబుచ్చుకుని మళ్ళీ ఫైల్లో తల దూర్చారు.

ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఆఫీసు మొత్తానికీ ఆయన అభ్యంతరం గారే. ఆదివారం పొద్దున్నే సెలూన్‌కి వెళ్ళి, తన వంతు రాగానే లేచి నిలబడి, "నేను ముందు కూర్చుంటే ఎవరికైనా ఇబ్బందా?" అని అడిగేవారట. ఎవరో ఒకరు "కొంచెం తొందరండీ" అనేవారు. మధ్యాహ్నం దాకా అలా అందరినీ ముందుకు పంపి, దుకాణం మూసే వేళకి పెరిగిన జుట్టుతోనే ఇంటికి చేరేవారు. ఆయన భార్యని మేమంతా అక్కయ్య గారనేవాళ్ళం. "జుట్టు సంగతి సరే తమ్ముడూ, మా పెళ్ళిలో ఏం చేశారో తెలుసా?" అని ఆవిడ ఒకసారి నాతో వాపోయింది. "వచ్చినవాళ్ళందరి ముందూ నిలబడి, ఈ పెళ్ళి మీద ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పండి అన్నారు. మా చిన్నాన్న లేచి అరగంట మాట్లాడాడు. పెళ్ళి గురించి కాదు, వాళ్ళ వీధి కాలువ గురించి. ఈయన అదంతా రాసుకున్నారు!"

ఇలాంటి మనిషిని ప్రభుత్వం ఏ సీట్లో కూర్చోబెట్టాలి? ఏ సీట్లో అయినా కూర్చోబెట్టొచ్చు, ఒక్క దాంట్లో తప్ప. సరిగ్గా ఆ ఒక్క దాంట్లోనే కూర్చోబెట్టింది. ప్రజల నుంచి అభ్యంతరాలు స్వీకరించే సీటు. ఆయన ఎదురుగా టైపు కొట్టడానికి నన్ను పడేసింది. నా ఖర్మ అలా కాలింది, అంతే.

మా విభాగం పని చెప్పుకుంటే చాలా చిన్నది. పగలు ఎండ కాసినంతసేపూ కరెంటు మిగిలిపోతుంది. సాయంత్రం అందరూ ఇళ్ళకు చేరి ఒక్కసారిగా స్విచ్చులు వేసేసరికి చాలదు, పోతుంది. పగటి కరెంటుని పెద్ద బ్యాటరీల్లో దాచి సాయంత్రం వాడుకుంటే గొడవ తీరుతుంది. అలా దాచేవాళ్ళకి రాయితీలిచ్చి ప్రోత్సహించాలని రాష్ట్రం తలపెట్టింది. దానికొక విధానం కావాలి. ఆ విధానానికి ముసాయిదా రాసి, పేపర్లో ప్రకటించి, "అభ్యంతరాలున్నవారు ముప్పై రోజుల్లోగా తెలుపగలరు" అని అడిగి, ఎవరూ ఏమీ అనకపోతే విధానం వెలువరించాలి. ఎవరైనా ఏమైనా అంటే నెలో రెండు నెలలో పట్టినా జవాబిచ్చి, ముసాయిదా మళ్ళీ ప్రకటించి, ఇంకో ముప్పై రోజులు ఆగాలి. ఆరు నెలల పని అని చెప్పి నన్ను పంపారు. తొమ్మిదేళ్ళయింది. నలభై మూడుసార్లు ముసాయిదా టైపు చేశాను.

మొదట్లో జనం సరదాకి రాసేవారు. "దాచిపెట్టిన కరెంటు పాచిపోదా?" అని ఒకాయన అడిగాడు. చెత్తబుట్టలో వెయ్యాల్సిన కాగితం అది. మా సారు దానికి మూడు పేజీల జవాబు చెప్పి నాచేత టైపు చేయించారు, బొమ్మతో సహా. ఇంకో పెద్దాయన రాసిన ఉత్తరం నాకు నోటికొచ్చు. "అయ్యా, సాయంత్రం కరెంటు పోతేనే మా అల్లుడు టీవీ ముందు నుంచి లేచి వాళ్ళింటికి వెళ్తున్నాడు. మీరు పోకుండా చేస్తే నా గతేం కాను?" నేను పగలబడి నవ్వాను. సారు నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ, "నిజమేనయ్యా, ఈ కోణం మనం ఆలోచించలేదు" అన్నారు. నిల్వ కరెంటు నాలుగు గంటలే వస్తుందనీ, ఆ తర్వాత పోయే అవకాశం ఎప్పటిలాగే ఉంటుందనీ, కాస్త ఓపిక పట్టమనీ ఆ పెద్దాయనకి జవాబు వెళ్ళింది. దాంతోపాటు మాకు ఇంకో ముప్పై రోజులు పడ్డాయి.

నవ్వులాటగా చెప్తున్నాను గానీ, నా బతుకు నవ్వులాటగా లేదు. మా ఆవిడ ఉద్యోగం ఇంకో ఊళ్ళో. విధానం వెలువడితే ఈ విభాగం ఎత్తేస్తారు, నాకు ఆ ఊరికి బదిలీ ఇస్తారు. ప్రతి నెలా ఫోన్లో ఒకటే మాట. "అయిందా?" "ఇంకో ముప్పై రోజులు." ఒకసారి ఆవిడకి ఒళ్ళు మండి, "మీ సారుకి నేనే రాస్తాను అభ్యంతరం" అంది. అన్నంత పనీ చేసింది. మొగుణ్ణి తొమ్మిదేళ్ళుగా నిల్వ ఉంచుకోవడం ఏ విధానం కిందికొస్తుందో తెలపమని రాసింది. సారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "చాలా న్యాయమైన అభ్యంతరమయ్యా" అన్నారు. ఆవిడకి రెండు పేజీల క్షమాపణ వెళ్ళింది. ఉత్తరం వచ్చింది గనక గడువు ఇంకో ముప్పై రోజులు పెరిగింది. ఆ నెలంతా మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

నాకు నిజంగా కడుపు మండింది మాత్రం కరెంటు పెట్టె విషయంలో.

ఏడేళ్ళ కిందట ప్రయోగం కోసమని ఊరి చివరి వీధిలో ఒక బ్యాటరీ పెట్టె పెట్టారు. బీరువాలు నాలుగు పక్కపక్కన నిలబెట్టినంత ఉంటుంది. ఆ వీధికి సాయంత్రం కరెంటు ఉండేది కాదు. పెట్టె వచ్చాక నలభై ఒక్క ఇళ్ళకి ఆరు నుంచి పది దాకా నిక్షేపంగా వస్తోంది. ఆ ఇళ్ళలో ఒకటి బట్టలు కుట్టే ఆవిడది. ఆవిడ భర్త మిల్లులో ఇరవయ్యేళ్ళు దూది పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. పొద్దు వాలేసరికి ఆయనకి ఊపిరాడదు. ముక్కుకి గొట్టం తగిలించుకుని ఆక్సిజన్ యంత్రం పక్కన కూర్చోవాలి. యంత్రానికి కరెంటు కావాలి. పెట్టె రాకముందు రెండుసార్లు ఆయన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. రెండోసారి డాక్టరు, "మూడోసారి ఇంత దూరం రాలేరు" అని ఆవిడకి చెప్పేశాడు.

విధానం వస్తే ఆ పెట్టె అక్కడ శాశ్వతంగా ఉండిపోతుందనీ, రాకపోతే ఏదో ఒకరోజు ఎత్తుకుపోతారనీ నా నమ్మకం. అందుకే నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి. "సార్, ఈ పిచ్చి ఉత్తరాలకి జవాబులు మానేసి సంతకం పెట్టండి. అవతల ఓ మనిషి ఊపిరి దీనిమీద ఆధారపడి ఉంది."

"ఉందయ్యా. నాకు తెలుసు" అనేవారు.

"తెలిసీ ఇలా చేస్తారా?"

"అభ్యంతరం వచ్చాక వినకపోతే ఎలా?"

పైగా ఆ అభ్యంతరాలు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసా? మిగతా ఊరంతా ఎప్పుడో విసిగిపోయి రాయడం మానేసింది. గత ఆరేళ్ళుగా వచ్చిన ప్రతి ఉత్తరమూ ఆ చివరి వీధి నుంచే! ఒకసారి పాలావిడ, ఒకసారి ఎలక్ట్రీషియన్, ఒకసారి పెన్షన్ మాస్టారు. పెట్టె రంగు బాగాలేదని ఒకరు. పెట్టె నీడ మొక్కల మీద పడుతోందని ఒకరు. పెట్టె మీద పిల్లి పడుకుంటోంది, దానికి షాక్ కొడితే బాధ్యులెవరని ఒకరు. సరిగ్గా ఇరవై తొమ్మిదో రోజున, పోస్టులో కూడా కాదు, చేత్తో పట్టుకొచ్చి ఇచ్చి రసీదు తీసుకుని మరీ వెళ్ళేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "చూశారా సార్, వీళ్ళకి విశ్వాసం లేదు. వెలుగిచ్చిన పెట్టె మీదే ఫిర్యాదులు!" అంటే సారు ఆ పిల్లి ఉత్తరాన్ని జాగ్రత్తగా మడతపెడుతూ, "పిల్లికి ఏమీ కాదని ఇంజనీరు చేత రాయించి పంపుదామయ్యా" అన్నారు.

ఈ తొమ్మిదేళ్ళలో ఆయన కింద పనిచేసినవాళ్ళు ముగ్గురు ఆయన్ని దాటి పైకి వెళ్ళిపోయారు. మూడుసార్లు ప్రమోషన్ చేతిదాకా వచ్చి పోయింది. "ఒక్క ఫైలు తేల్చలేని మనిషి" అని పైవాళ్ళు రాశారు. ఆ కాగితం టైపు కొట్టింది కూడా నేనే. ఆయన చదివి, "నాకేం అభ్యంతరం లేదు" అని కింద సంతకం పెట్టారు. ఇక ఈ మనిషి బాగుపడడు, ఈ ఫైలు తెమలదు, నేను మా ఆవిణ్ణి ముసలివాణ్ణయ్యాకే చూస్తాను అని ఆశ వదులుకున్నాను.

చివరికి ఆయన రిటైరయ్యే రోజు వచ్చింది. గమ్మత్తేమిటంటే నలభై మూడో ముసాయిదాకి ముప్పయ్యో రోజు కూడా అదే. ఇరవై తొమ్మిదో రోజున ఎవరూ రాలేదు. ముప్పయ్యో రోజు పొద్దున కూడా రాలేదు. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సాయంత్రం అయిదింటికి "అభ్యంతరాలు లేవు" అని ధ్రువపత్రం పంపితే ఆరింటికల్లా విధానం వెలువరిస్తామన్నారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మా ఆవిడకి ఫోన్ చేసి, "పెట్టే బేడా సర్దేస్తున్నా" అన్నాను. "నిజంగానా?" అని మూడుసార్లు అడిగింది.

సారు మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. "టపా వచ్చిందా?" "లేదు సార్." పది నిమిషాలకి మళ్ళీ, "ఎవరైనా వచ్చారా?" "లేదు సార్!" పక్కనున్న హాల్లో వీడ్కోలు సభకి కుర్చీలు వేస్తున్నారు, టీ కాస్తున్నారు. మూడున్నరకి నా బల్ల దగ్గరకొచ్చి, మెల్లగా, "ఒక్కసారి ఆ చివరి వీధికి వెళ్ళి రావయ్యా. ఎవరికైనా అభ్యంతరం ఉందేమో కనుక్కుని..." అన్నారు.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఇవాళ కూడానా సార్? పోయేరోజు కూడా మీకీ పిచ్చి వదల్దా?"

ఆయన బల్ల అంచు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఆ నిలబడ్డ తీరు చూసి కాదనలేకపోయాను. అదీగాక ఆరేళ్ళుగా ఆ వీధివాళ్ళని కడిగిపారెయ్యాలన్న కోరిక ఉండనే ఉంది. స్కూటరు తీశాను.

బట్టలు కుట్టే ఆవిడ మిషను మీద ఏదో జాకెట్టు అంచు వేస్తోంది. లోపలి గదిలో భర్త మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే ఆవిడ మిషను ఆపేసి, "ఏం బాబూ, ఈ నెల ఉత్తరం అందిందా?" అంది.

"అందలేదు! అందదు! మీ అందరికీ ఏం పోయేకాలం వచ్చిందమ్మా? మీకోసం పెట్టిన పెట్టె మీద మీరే..."

నా తిట్లు ఆవిడ చెవికెక్కనే లేదు. మొహం తెల్లబోయింది. "అందలేదా? ఈ నెల వంతు ఎలక్ట్రీషియన్‌ది! అయ్యో, వాడు పనుందని వేరే ఊరు వెళ్ళాడు. ఇచ్చే వెళ్ళాడనుకున్నానే! టైమెంతయింది బాబూ?"

"వంతేమిటి?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "సారు మీకు చెప్పలేదా? పద్నాలుగో అంశం సంగతి?"

మిషను సొరుగులోంచి మా ముసాయిదానే తీసింది. పద్నాలుగో అంశం చుట్టూ కొలతలు గీసే సుద్దముక్కతో గుర్తు పెట్టుంది. ఆవిడ దాన్ని చూడకుండానే అప్పజెప్పింది. "విధానం వెలువడిన రోజున గానీ, ఫైలు మూసివేసిన రోజున గానీ, ప్రయోగ సామగ్రిని తొలగించి స్టోర్సుకు చేర్చవలెను. అభ్యంతరం పరిశీలనలో ఉన్నంతకాలం ఎట్టి సామగ్రినీ కదపరాదు."

నలభై మూడుసార్లు టైపు చేశాను నేను ఆ వాక్యాన్ని. ఒక్కసారి కూడా చదవలేదు. టైపు కొట్టేవాడు చదవడు కదా, వేళ్ళు చూసుకుంటాడు.

"కొత్త విధానంలో రాయితీలన్నీ పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకేనట" అందావిడ. "మాలాంటి వీధులకి కూడా అని సారు మూడుసార్లు రాసి పంపారట. మూడుసార్లూ పైన కొట్టేశారట. 'ఆ ఒక్క మాట చేర్చిన రోజు నేనే సంతకం పెడతాను, అప్పటిదాకా మీకు ఏ అభ్యంతరం ఉన్నా నాకు రాయండి, ఎంత చిన్నదైనా వింటాను' అన్నారు. ఇక్కడే, ఈ గడప మీద కూర్చుని చెప్పారు."

ముసాయిదాలో ఒక పేరా వస్తూ పోతూ ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. అది వచ్చినప్పుడల్లా పేజీల నంబర్లు మారిపోతున్నాయని నేను విసుక్కునేవాణ్ణి. ఫ్యాక్టరీలవాళ్ళు రాయితీ ఉన్నా లేకపోయినా బ్యాటరీలు పెట్టుకుంటూనే ఉన్నారు. ఈ వీధికి ఆ తాహతు లేదు. మూడు ప్రమోషన్లు పోగొట్టుకుని, ఊరంతా నవ్వుతుంటే, ఆ మహానుభావుడు ఆరేళ్ళుగా రంగు గురించీ పిల్లి గురించీ జవాబులు రాస్తూ కూర్చున్నారు. నాకు చెప్తే మా ఆవిడ కోసం నేనెక్కడ గొడవచేస్తానోనని నాకూ చెప్పలేదు. చేసేవాణ్ణే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

గడియారం చూశాను. నాలుగూ పది.

"కాగితం తియ్యండమ్మా! ఏదో ఒకటి రాద్దాం!"

ఆవిడ బిల్లుల పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది. కలం పట్టుకున్నాను. చూడండి నా దౌర్భాగ్యం, తొమ్మిదేళ్ళుగా వందల అభ్యంతరాలు టైపు కొట్టినవాణ్ణి, ఒక్కటంటే ఒక్కటి తట్టలేదు. ఆవిడకీ తట్టలేదు. "రంగు అయిపోయింది, నీడ అయిపోయింది" అని వేళ్ళు లెక్కపెడుతోంది. అప్పుడు మంచం మీది మనిషి చెయ్యెత్తాడు. గొట్టం కాస్త పక్కకి జరిపి, మాట మాటకీ ఆగుతూ అన్నాడు.

"మోత... బాబూ. ఆ పెట్టె... గుర్రుమని మోత. ఏడేళ్ళుగా... నిద్ర లేదు నాకు."

"అదేంటయ్యా, ఎప్పుడూ చెప్పలేదే!" అంది భార్య.

"నా ప్రాణం నిలిపే దానికి... పేరు పెడతామా? ఇప్పుడడిగారు గనక..."

అదే రాశాను. ఆయన దిండు మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. స్కూటరు ఎలా తోలానో నాకు తెలియదు. నాలుగూ యాభైకి ఆఫీసు ముద్ర పడింది.

వీడ్కోలు సభలో పై ఆఫీసాయన ఉపన్యాసం ఇస్తున్నాడు. నేను సూటిగా వేదిక ఎక్కి సారు చేతిలో కాగితం పెట్టాను. "అభ్యంతరం సార్! వచ్చింది!" హాలంతా గొల్లుమంది. పై ఆఫీసాయన మొహం మాడిపోయింది. సారు నవ్వుతారనుకున్నాను, కనీసం ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. ఆయన చదివి కంగారుగా లేచి నిలబడ్డారు.

"మోత నిజమేనా?"

"నిజమే సార్, నేనూ విన్నాను. పెట్టె పక్కన ఫ్యాను గర్రుమంటోంది."

"ఏడేళ్ళుగా నిద్ర లేదంటయ్యా! పాపం! ఇన్నాళ్ళూ నేను పిల్లి సంగతి చూసుకుంటూ కూర్చున్నాను!"

సన్మానం మధ్యలో వదిలేసి స్టోర్సుకి పరిగెత్తారు. పాత రబ్బరు షీటు ముక్కా, ఒక స్పానరూ తీసుకుని నా స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నారు. ఆరు గంటలయ్యేసరికి, రిటైరయి ఇంకా గంట కూడా కానాయన, కొత్త ప్యాంటు మోకాళ్ళదాకా మట్టి కొట్టుకుపోగా, ఆ పెట్టె పక్కన గొంతుకూర్చున్నారు. ఫ్యాను నట్లు బిగించి, కింద రబ్బరు తోశారు. వీధి దీపాలు వెలిగాయి. మోత ఒక్కసారిగా ఆగిపోయింది.

నలభై ఒక్క ఇళ్ళ వీధి. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. సారు చేతులు దులుపుకుని కిటికీ దగ్గరికెళ్ళి లోపలికి తొంగి చూశారు. మంచం మీది మనిషి కళ్ళు తెరిచే ఉన్నాయి. యంత్రం వైపు చూస్తున్నాడు, పెట్టె వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు హాయిగా ఉందా అండీ?" అని అడిగారు సారు.

ఆయన గొట్టం కాస్త జరిపాడు. "మోత లేకపోతే... పెట్టె నడుస్తోందో లేదో... తెలియట్లేదండీ. భయమేస్తోంది."

సారు నా వైపు తిరిగారు. కొత్త ఆఫీసరు వచ్చేదాకా, రేపటినుంచి ఆ సీటు నాది. వచ్చే ముప్పై రోజులూ నావి. మా ఆవిడకి ఏం చెప్పాలో దేవుడికే తెలియాలి. జేబులోంచి కాగితం తీసి, కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను.

"నెమ్మదిగా చెప్పండి బాబాయ్ గారూ" అన్నాను. "ఒక్కొక్కటే రాసుకుంటాను."